అడగకుండా ఇచ్చినవి

ముత్యాలమ్మ ఆ పూట కూడా అంబలి ముట్టలేదు.

కోడలు సిల్వియా పొద్దున్నే పెట్టొచ్చిన గిన్నె పెట్టిన చోటే ఉంది. చోడంబలి మీద పొర కట్టింది. ఆ పొర మీద ఒక ఈగ తాపీగా తిరుగుతోంది. ముసలామె పెరట్లో, కాఫీ పళ్ళు ఆరబోసిన కళ్ళం పక్కన, ఉత్త నేల మీద మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది. మొహం కొండవైపు.

ఆదివారం సాయంత్రం నుంచీ ఇదే వరస. గడప దాటి లోపలికి రాదు. రాత్రయితే మేకల పాకలోకి పోతుంది. అరకులో డిసెంబరు చలి ఎలాంటిదో తెలిసినవాళ్ళెవరూ కన్నతల్లిని అలా పడుకోనివ్వరు. జాకబ్ కూడా వెళ్ళి ఆ మేకల మధ్యే, తల్లి పక్కన పడుకుంటున్నాడు. పెళ్ళాంతో ఒక్క మాట లేదు.

తిట్టినా బాగుండుననిపిస్తోంది సిల్వియాకి. ఆయన తిట్టడు. చెక్క పార పట్టుకుని కాఫీ పళ్ళు తిరగేస్తున్నాడు. తిరగేసినవే మళ్ళీ తిరగేస్తున్నాడు.

విశాఖపట్నం నుంచి వచ్చే పాసింజరు కూత పెట్టి వెళ్ళిన కాసేపటికి వీధిలో కేక వినబడింది.

"సోంబరూ! ఒరే సోంబరూ! అమ్మేదిరా?"

జాకబ్‌ని పుట్టినప్పుడు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరు తల్లి. రెండోవారు టైడాలో కాపరముంటున్న అక్క రాజకుమారి. ఎవరు కబురు పెట్టారో ఏమో, ఆవిడ చంకలో చేతిసంచీతో గుమ్మంలోకి వచ్చేసింది. వచ్చి, నడిమింట్లో అలాగే నిలబడిపోయింది.

మంచాలు లేవు. వాటి కోళ్ళ కింద గచ్చు మీద పడ్డ గుంటలు మాత్రం ఉన్నాయి. కలర్ టీవీ పెట్టిన బల్ల లేదు. కుర్చీలు లేవు. అటక మీద బోర్లించే ఇత్తడి గుండిగలు లేవు. గోడ పొడుగునా మేకులే మిగిలాయి.

"ఇదేటి? దొంగలు పడినారేటి?"

"లేదు వదినా. నేనే ఇచ్చేశాను."

"ఎవులికి?"

"సంఘంలో ఇబ్బందిపడుతున్న వాళ్ళకి."

ఈ మాటే ఆదివారం నాడు చర్చిలో ఎంత బాగా పలికింది! ఇప్పుడు నోట్లో ఇసకలా ఉంది.

అబద్ధం ఏమీ లేదు అందులో. కిందటి వారం ఉజ్జీవ కూటాల్లో ప్రసంగీకుడు అడిగిన ప్రశ్న ఆమెకి నిజంగానే తగిలింది. "మీ ఇంట్లో ప్రభువు కూర్చోడానికి చోటుందా, లేక సామాన్లే కూర్చున్నాయా?" అన్నాడాయన. సిల్వియాకి తన ఇల్లు కళ్ళ ముందు కదిలింది. సాయంత్రం ప్రార్థనలో ఒక కన్ను సీరియల్ మీదే ఉండడం. స్కూలు నుంచి రాగానే తుడవడం, సర్దడం, తాళాలు వేసుకోవడం. విజయనగరంలో అమ్మానాన్నల దగ్గర, ఒకే గదిలో చాప మీద మోకరించి చేసిన ప్రార్థన గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆ వేడి మళ్ళీ కావాలనిపించింది.

ఆ ఆదివారం జాకబూ, ముత్యాలమ్మా పైతోటలో కాఫీ కోతలో ఉన్నారు. వాళ్ళు కొండ దిగేసరికి ఇల్లు బోసిపోయింది. గుడిలో మాత్రం చప్పట్లు మోగాయి. "మన టీచరమ్మగారిని చూసి నేర్చుకోండి" అన్నారు పాస్టరు యేసురత్నంగారు. ఆ క్షణాన సిల్వియా తల వంచుకుంది, కానీ చెవులు వంచుకోలేదు.

"నీ సామాను నువ్వు ఇచ్చుకుంటే నాకేటి?" రాజకుమారి సంచీ నేలకేసి కొట్టింది. "మాయమ్మ మూటేదీ?"

సిల్వియా వంగి ఆ సంచీ తీసి గోడవారన పెట్టింది.

"నిన్నే అడుగుతున్నాను. ఆ మూల, తడికె మీద ఉండేది. నీలం గుడ్డలో కట్టినాది. ఏటి సేసినావు దాన్ని?"

"పాత గుడ్డలనుకున్నాను వదినా. విప్పి చూస్తే సగం చీర. సగానికి చింపి ఉంది. ఎవరికైనా పనికొస్తుందని..."

"సగం చీర!" రాజకుమారి గొంతు పగిలింది. "ఓలమ్మో, సగం చీరంట! మిగతా సగం ఎక్కడున్నాదో ఎరుగుదువా నువ్వు? మా అయ్య మీద ఉన్నాది. మట్టిలో. ఒడిశా సంతనుంచి అయ్య తన భుజానేసుకుని తెచ్చిన నేతచీర అది. సచ్చిపోయినప్పుడు అమ్మే సింపినాది. సగం ఆయనకి కప్పినాది. ఈ సగం నాకు కప్పండని దాసుకున్నాది. అక్కడికెళ్తే ఆయన ఆనవాలు పట్టాల కదా అని!"

పెరట్లో చెక్క పార చప్పుడు ఆగింది.

సిల్వియా ఆ ఖాళీ మూలకేసి చూసింది. పన్నెండేళ్ళ కాపరంలో ఆ మూటలో ఏముందని తను ఒక్కసారి కూడా అడగలేదు. ఎలకలు చేరతాయని మాత్రం చాలాసార్లు విసుక్కుంది.

"ఎవరూ చెప్పలేదు నాకు..." అంది మెల్లగా.

"అడిగితే కదా సెప్పడానికి!"

రాజకుమారి కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసింది. తూర్పు గోడకి ఆనించి ఉన్న అద్దాల బీరువా దగ్గర ఆ చూపు నిలిచిపోయింది. లోపల షీల్డులు, కప్పులు, రిబ్బను కట్టిన పతకాలు. బైబిల్ క్విజ్‌లో ప్రథమ బహుమతి. వాక్యాలు కంఠస్థం చేసినందుకు జిల్లా స్థాయిలో ద్వితీయ. సండే స్కూలు ఉత్తమ ఉపాధ్యాయిని. దుమ్ము పడకుండా ఒక్కోదానికీ పాలిథిన్ కవరు.

"మరి ఇవి ఇవ్వనేదేటి?"

"అవి... అవి సామాను కాదు వదినా. దేవుడి మాటకి వచ్చినవి."

ఆ మాట పూర్తవకముందే తన గొంతు తనకే పరాయిగా వినబడింది. రాజకుమారి ఆ అద్దాలకి వీపు తిప్పింది.

పెరటి గుమ్మంలో జాకబ్ నిలబడి ఉన్నాడు. చేతులకి కాఫీ తొక్కల జిగురు. ఆదివారం తర్వాత మొదటిసారి పెళ్ళాం కళ్ళలోకి చూశాడు.

"నీ ప్రార్థనకి అడ్డమొచ్చినవన్నీ మావేనా, సిల్వియా?"

అంతే. మళ్ళీ కళ్ళం దగ్గరికి వెళ్ళిపోయాడు.

సిల్వియా కాసేపు ఆ అద్దంలో తన నీడ చూస్తూ ఉండిపోయింది. తర్వాత చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచింది.

ఆ చీర ఎవరికిచ్చిందో ఆమెకి గుర్తుంది. వాగు అవతలి గూడెంలో మంగ్లు పెళ్ళాం భాను. కొత్తగా ఆడపిల్లని కన్నది.

దారి పొడుగునా పలకరింపులే. ఒకాయన రెండు చేతులూ జోడించి, "మీరిచ్చిన మంచం మీద మా నాన్న హాయిగా తొంగున్నాడమ్మా" అన్నాడు. ఇంకో ఇంటిలోంచి తన టీవీ గొంతు వినబడింది. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒక్కో దండానికీ సిల్వియా తల ఇంకాస్త కిందికి దిగింది. వాళ్ళు దాన్ని వినయమనుకున్నారు.

భాను ఇంటి ముందు చిక్కుడు పాదు. గుమ్మంలోనే ఎదురొచ్చింది ఆ పిల్ల.

"రండి టీచరమ్మా, రండి! గుంటని సూద్దామనొచ్చినారా? ఇప్పుడే పడుకున్నాది." ముఖమంతా నవ్వు. "మీ పేరే పెడదామనుకుంటన్నాము. మా ఆయనకి నోరు తిరగట్లేదు గానీ."

దూలానికి ఉయ్యాల వేలాడుతోంది. ముదురు గోధుమరంగు నేత. ఎర్రటి అంచు. ఆ మడతలో, గుప్పెట్లు బిగించి, నల్లటి జుత్తుతో చిన్న ప్రాణం. ఒక పక్క చీర కత్తిరించి ఉంది. పొయ్యి దగ్గర తాడు మీద అదే ఎర్రంచు ముక్కలు ఆరుతున్నాయి, బిడ్డ కిందకి వేసే గుడ్డలు.

సిల్వియా పీట మీద కూర్చుంది. భాను చెంబుతో నీళ్ళిచ్చింది. తాగింది. వెళ్ళిపోదామా అనుకుంది. ఇచ్చింది ఇచ్చినట్టే ఉండనిస్తే ఈ పిల్ల కళ్ళలో తను ఇలాగే ఉండిపోతుంది. పెరట్లో ఆ ముసలామె కూడా అలాగే ఉండిపోతుంది.

"భానూ, నేను ఒక తప్పు చేశాను."

"మీరు తప్పు సెయ్యడమేటమ్మా!"

"ఈ చీర నాది కాదు. మా అత్తయ్యది. అడక్కుండా తెచ్చిచ్చాను." సిల్వియా చెంబు కింద పెట్టింది. "ఆవిడ దీన్ని... తన ఆఖరికని దాచుకుంది. మామయ్యగారికి కప్పినదాంట్లో మిగతా సగం ఇది."

భాను నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. మరుక్షణం ఉయ్యాల దగ్గరికి దూకి బిడ్డని లాగి గుండెకి హత్తుకుంది. నిద్ర చెడిన బిడ్డ గుక్కపట్టింది.

"సావుగుడ్డా? సావుగుడ్డలో నా గుంటని పడుకోబెట్టినానా?"

"అలా కాదు భానూ, అది..."

"రాత్రీ పగలూ ఇందులోనే పడుకోబెట్టినాను కదమ్మా!" పిల్లదాని ఒళ్ళంతా తడుముతోంది. "మేం లేనోళ్ళమే. ఉయ్యాలకి గుడ్డ నేదని మిమ్మల్ని అడిగినామేటి? మీరే పిలిసిచ్చినారు. దేవుడి గుడిలో ఇచ్చినారని కళ్ళకద్దుకుని తెచ్చుకున్నాను."

సిల్వియా తన భుజం మీది శాలువా తీసింది. "ఇది తీసుకో తల్లీ, దీంతో కట్టు..."

"వొద్దు." భాను వెనక్కి జరిగింది. "మీది ఏటీ వొద్దు. ఇది అట్టుకెళ్ళిపోండి."

ఉయ్యాల ముడులు సిల్వియానే విప్పుకుంది. గట్టిగా వేసిన ముడులు, గోళ్ళు నొప్పెట్టాయి. తాడు మీది ముక్కలు కూడా ఏరుకుంది. భాను సాయం రాలేదు. బిడ్డ ఏడుపు గుమ్మం దాటాక కూడా వినబడుతూనే ఉంది.

వాగు వంతెన మీద స్కూటరు ఆగింది. పాస్టరు యేసురత్నంగారు. పెద్దాయన, కొండ గూడేలన్నీ తిరిగి తిరిగి గొంతు ఎప్పుడూ బొంగురుగా ఉంటుంది.

"అమ్మా సిల్వియా, నీకోసమే బయల్దేరాను. వచ్చే ఆదివారం పాడేరు సంఘం వాళ్ళు కూడా వస్తున్నారు. నీ సాక్ష్యం వినాలంటున్నారు."

ఆమె చేతిలో తడి గుడ్డ చూసి ఆగిపోయారు. సిల్వియా చెప్పింది. వంతెన పిట్టగోడ పట్టుకుని, నీళ్ళవైపు చూస్తూ, మూట దగ్గర్నుంచి భాను మాటల దాకా మొత్తం చెప్పింది. ఆయన వెంటనే ఏదైనా వాక్యం చెప్పి ఊరడిస్తారేమోనని ఎదురుచూసింది. ఆయన స్కూటరు దిగి పక్కన నిలబడ్డారు.

"వదులుకోవడమంటే మన గుప్పిట తెరవడం కదమ్మా. ఇంకొకరి గుప్పిట విప్పదీయడం కాదు" అన్నారు. తర్వాత తల అడ్డంగా ఊపారు. "నాకూ సిగ్గుగా ఉంది. ఆ సామాన్లు బండి మీదొస్తుంటే చూశాను. ముత్యాలమ్మగారు ఏమన్నారని నేనూ అడగలేదు. ఆవిడ బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి ఆ ఇంట్లో ఆవిడ మాట లేదనుకున్నానేమో."

"నేనేం చెయ్యాలయ్యగారూ?"

"నాకు తెలీదమ్మా. ముందు ఆ గుడ్డ ఆవిడ చేతికివ్వు."

ఆయన తెలీదన్నందుకు సిల్వియాకి భయం వేసింది. చిత్రంగా, కాస్త ఊపిరి కూడా ఆడింది.

ఇంటికొచ్చేసరికి రాజకుమారి తల్లి సామాను సర్దుతోంది. సర్దడానికేముంది? ఒక దుప్పటి, పొగాకు డబ్బా, రెండు చీరలు. సాయంత్రం కిందికెళ్ళే పాసింజరుకి తల్లిని టైడా తీసుకుపోతానంటోంది. జాకబ్ అవునని గానీ కాదని గానీ అనడం లేదు.

సిల్వియా పెరట్లోకి వెళ్ళింది. ముత్యాలమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. చీరా, ముక్కలూ ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది.

"అత్తయ్యా, తప్పయిపోయింది."

ముసలామె వేళ్ళు అంచు వెంబడి పాకాయి. కోసిన చోట ఆగాయి. ఒక ముక్క తీసి వాసన చూసింది.

"ఇది గుంట ఉచ్చ కదూ? ఎవులి గుంట?"

"మంగ్లు కూతురండి. ఉయ్యాల కట్టారు."

"నన్నెందుకు అడగనేదు?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. సిల్వియా నోటికి చాలా జవాబులు వచ్చాయి. మీరు తోటలో ఉన్నారు. పాతదనుకున్నాను. దేవుడి పని కదా అనుకున్నాను. అవన్నీ మింగింది.

"మీరు ఏమంటారోనని కాదత్తయ్యా. అడగాలనే తోచలేదు. ప్రభువుని నమ్ముకున్నవాళ్ళని అడిగాను. ఎవరికేం కావాలో ఇల్లిల్లూ తిరిగి అడిగాను. మిమ్మల్ని... మిమ్మల్ని లెక్కలోకే తీసుకోలేదు."

కళ్ళం అవతల జాకబ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ముత్యాలమ్మ ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చుకుంది. "గుడ్డ సంగతి ఆ పిల్లకి సెప్పీసినావా?"

"చెప్పాను. భయపడిపోయింది. బిడ్డకి ఏమవుతుందోనని ఏడుస్తోంది."

"పచ్చి బాలింతకా సెప్పీసి వొచ్చినావు!" ముసలామె చేతులు నేలకానించి లేచింది. రెండు రోజులుగా తిండి లేని ఒళ్ళు తూలింది. సిల్వియా పట్టుకోబోతే విదిలించుకుంది. "పాలెండిపోతాయి దానికి. ఒరే సోంబరూ, పద. బేగి పద."

"అమ్మా, బండి టైమవుతున్నాది!" అంది రాజకుమారి.

"అక్కణ్ణుంచే స్టేసనుకెల్దాము."

ముగ్గురూ ముందు, సిల్వియా వెనక. చీరా, ముక్కలూ ముత్యాలమ్మ చంకలో. పొద్దున్న దండాలు పెట్టినవాళ్ళే ఇప్పుడు గుమ్మాల్లోంచి తొంగి చూశారు.

భాను గోడవారన ముడుచుకుని కూర్చుని ఉంది. మంగ్లు పక్కనే దిక్కుతోచక నిలబడి ఉన్నాడు. ముత్యాలమ్మ తిన్నగా వెళ్ళి బిడ్డని చేతుల్లోకి తీసుకుంది. కాళ్ళూ చేతులూ చూసింది. నుదుటి మీద నోరానించి ఊదింది.

"బంగారంలా ఉన్నాది. దీనికేటవుతాది?"

"మామ్మా, అది సావుగుడ్డంట కదా..."

"నాను సచ్చినానేటి? సూడు, నీ ముందర నిలబడున్నాను. ఎవులికీ కప్పని గుడ్డ ఇది. మా ముసిలోడు కొన్నాడు, నాను దాసుకున్నాను. ఇంతే." మంగ్లుకేసి చూసింది. "ఒరే గుంటడా, ఆ కొసందుకో. కట్టు."

మంగ్లు కట్టాడు. ముడి గట్టిదో కాదో ముసలామె చేత్తో లాగి చూసింది. బిడ్డని అందులో పడుకోబెట్టింది.

"మొన్న ఇచ్చింది నాను కాదు. అందుకే నీకు భయమేసినాది. ఇప్పుడు నాను ఇస్తన్నాను. నా సేత్తో ఇస్తన్నాను. సెల్లిందా?"

భాను కళ్ళు తుడుచుకుంటూ తలూపింది. "మరి నీకో మామ్మా?"

ముత్యాలమ్మ ఉయ్యాలని ఒకసారి ఊపింది. ఎర్రంచు కదలడం చూస్తూ నిలబడింది.

సిల్వియా గుమ్మం బయటే ఉండిపోయింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, అనరని కూడా తెలుసు. గుడి నిండా జనం ముందు తను ఇల్లంతా ఇచ్చింది. ఈ చీకటి గదిలో ఆ ముసలామె ఇచ్చినట్టు మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. కళ్ళు మూసుకుంది. ప్రభువా అనబోయింది. ఆ పేరు కూడా తను అడక్కుండా వాడుకున్నట్టే అనిపించి ఆగిపోయింది.

ముత్యాలమ్మ బయటికి వచ్చింది. సిల్వియా దారికి అడ్డంగా నిలబడింది.

"అత్తయ్యా, వెళ్ళకండి. ఇంటికి రండి."

"ఏ ఇంటికి?"

"మనింటికి."

"నా మంచం నేదు. నా మూల నేదు. నా తడికె కూడా ఎవులో అట్టుకుపోనారు." ముసలామె గొంతు పెంచలేదు. "వాటితో బాటు నన్నూ ఇచ్చీసినావు. ఎవులికిచ్చినావో నీకే తెలీదు."

ఆమె పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయింది. రాజకుమారి చేతిసంచీ భుజానికెత్తుకుంది. జాకబ్ తల్లి దుప్పటి చంకన పెట్టుకున్నాడు. పెళ్ళాం ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆయన కూడా స్టేషను దారి పట్టాడు.

"మీరు ఎప్పుడొస్తారు?" అని అడగడానికి సిల్వియాకి నోరు రాలేదు. వస్తారా అని అడగడానికి అసలే రాలేదు.

ఇంటి దారి ఎడమకి. ఊరంతా చూస్తోంది. సిల్వియా చెంగు నడుముకి దోపుకుని కుడివైపుకి, వాళ్ళ వెనకే, నడవడం మొదలుపెట్టింది. దగ్గరికి పోవడానికి ధైర్యం లేదు. ఆగడానికి మనసొప్పలేదు.

రైలు గేటు దగ్గర రాజకుమారి వెనక్కి తిరిగి చూసింది.

"అమ్మా, ఎనకాలొస్తన్నాది."

ముత్యాలమ్మ నడక ఆపలేదు. తల కూడా తిప్పలేదు.

"రానీ. మనతో బండెక్కనిద్దామో నేదో అక్కడ సూద్దాం."